పదహారు చానెళ్ళు

సంగీత కళాశాల ప్రిన్సిపాల్‌గారి పదవీ విరమణ సభ జరిగిన మర్నాడు పొద్దున్న, అక్కడి మైకులు చూసుకునే సౌండాయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పది నిమిషాలు తెర వంక చూస్తూ ఉండిపోయాడు. తర్వాత హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు.

మైకులన్నిటినీ అదుపు చేసే కొత్త డిజిటల్ మిక్సర్ కళాశాల చేత కొనిపించింది ఆయనే. కమిటీ చుట్టూ రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగాడు. "ఒక్క కేబుల్ చాలండీ. పదహారు మైకుల గొంతులూ కంప్యూటర్లో దేని చానెల్లో అది విడివిడిగా పడతాయి. తర్వాత ఎవరి గొంతు కావాలంటే వాళ్ళది పెంచుకోవచ్చు" అని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. అంత దండగ ఎందుకని చివరిదాకా అడ్డుపడ్డవాడు వైస్ ప్రిన్సిపాల్. సౌండాయన కాంట్రాక్టు ఈ నెలాఖరుతో అయిపోతుంది. పొడిగించాల్సింది కూడా ఆ వైస్ ప్రిన్సిపాలే.

నిన్నటి సభలో వేదిక మీద ఆరుగురు పెద్దలు, ఆరు మైకులు. మాట్లాడేవాళ్ళ మైకు తెరవడం, మిగతా అయిదూ మ్యూట్ చెయ్యడం. మూడు గంటలు సౌండాయన చేతులు బటన్ల మీదే ఉన్నాయి. ఒకరు నిలబడి ప్రిన్సిపాల్‌గారిని ఆకాశానికెత్తుతుంటే, కూర్చున్నవాళ్ళు తలలు దగ్గర చేర్చి గుసగుసలాడుకున్నారు, ముసిముసిగా నవ్వుకున్నారు. అందులో ఒక్క ముక్క హాల్లోకి రాలేదు.

కాలు విరిగి మంచం మీద ఉన్న ప్రిన్సిపాల్‌గారి భార్య సభకి రాలేకపోయింది. అందరి మాటలూ పొల్లుపోకుండా వినాలని ఆమె కోరిక. మధ్యాహ్నానికల్లా రికార్డింగు ఇస్తానని సౌండాయన మాటిచ్చి ఉన్నాడు.

పదింటికి కమిటీ సెక్రటరీ వచ్చాడు.

"ఏమండీ, రికార్డింగు సిద్ధమేనా?"

సౌండాయన లేచి నిలబడ్డాడు. "అదే సార్, మీతో ఒక మాట చెప్పాలి. ఎలా చెప్పాలో తెలీడం లేదు."

"దానికేం, చెప్పండి. అన్నట్టు, నేను మాట్లాడనప్పుడు నా మైకు ఆపేశారుగా?"

"ఆపానండీ. కాకపోతే అది హాల్లోకి ఆపడమే. కంప్యూటర్‌కి పోయే దారి వేరు. ఈ మిక్సర్లో మ్యూట్ నొక్కినా ఆ దారి మూసుకోదు."

సెక్రటరీ కుర్చీ తడుముకుని కూర్చున్నాడు. "అంటే, మాలో మేం అనుకున్నవి?"

"మైకులో పడ్డదేదైనా అటు పోతుందండీ. కానీ సార్, అసలు జరిగిందేమిటంటే..."

"జరిగింది నాకు తెలుసు. అన్నది నేనేగా." సెక్రటరీ గొంతు తగ్గించాడు. "ఈ ముసలాడు కుర్చీ ఎప్పుడు వదుల్తాడా అని ఎనిమిదేళ్ళుగా చూస్తున్నాం అనడం ఒట్టి మాటవరసకి. ఆయనంటే నాకు ప్రాణం. మీరు విన్నారు కాబట్టి చెప్తున్నా."

"నేనేమీ వినలేదండీ."

సెక్రటరీ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఈ రోజుల్లో ఇంత సంస్కారం ఎవరికుందండీ?"

కబురు గోడలు దాటింది. అరగంటలో వయొలిన్ టీచరమ్మ రొప్పుతూ వచ్చింది.

"బాబూ, మైకులో ఆయన్ని సంగీత సాగరం అన్నాను. అక్కడితో ఊరుకోవచ్చుగా. కూర్చున్నాక పక్కాయనతో, సాగరమేలెండి, ఒక్క గుక్క తాగలేం అన్నాను. అది తీసెయ్యి బాబూ."

"అమ్మా, నా వల్ల ఒక పొరపాటు జరిగింది..."

"పొరపాటు నీది కాదు నాయనా, నా నోటిది" అని ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంటూ వెళ్ళిపోయింది.

వైస్ ప్రిన్సిపాల్ మాత్రం కాగితంతో వచ్చాడు. అందులో సౌండాయన కాంట్రాక్టు మూడేళ్ళు పొడిగించారు. ఏ సభలో ఏది రికార్డు చెయ్యాలో, ఏది చెయ్యకూడదో ఆయన విచక్షణకే వదిలేశారు. కింద సంతకం ఇంకా పడలేదు.

"నా కళ్ళ ముందు మొత్తం చెరిపెయ్యండి. అప్పుడు పెడతా సంతకం."

సౌండాయన ఫోల్డర్ తెరిచాడు. "మీరే చూడండి సార్. ఇందులో ఏమీ లేదు."

వైస్ ప్రిన్సిపాల్ కళ్ళజోడు సవరించుకుని తెర మీదకి వంగాడు. ఫోల్డర్ ఖాళీగా ఉంది. "మేం అడక్కముందే తీసేశారా? మిమ్మల్ని ఇన్నాళ్ళూ తక్కువ అంచనా వేశానండీ" అంటూ సంతకం గీకాడు.

పన్నెండున్నరకి ప్రిన్సిపాల్‌గారే స్వయంగా వచ్చారు. ఎవరికి చెప్పినా చెప్పకపోయినా ఈయనకి మాత్రం చెప్పి తీరాలనుకున్నాడు సౌండాయన.

"నన్ను క్షమించాలి సార్. మీ రికార్డింగు..."

"లేదని చెప్పండి, చాలు."

"లేదండీ."

ప్రిన్సిపాల్‌గారు గోడకి ఆనుకుని గట్టిగా ఊపిరి వదిలారు. "బతికించారు. వాళ్ళు నన్నేమన్నారో నాకు తెలీనిది కాదు. అది కాదు నా భయం. మా ఆవిడ కాలు విరగబట్టి సభ ప్రశాంతంగా సాగుతోందని సెక్రటరీతో అన్నాను. నా ముందూ మైకుంది కదండీ."

"మరి అమ్మగారికి ఏం చెప్తారు సార్?"

"ఏముంది, మీరు రికార్డు బటన్ నొక్కడం మరిచిపోయారని చెప్తా. ముప్పై రెండేళ్ళ కాపురంలో ఆవిడతో అబద్ధమాడి ఎరగను, ఇదే మొదటిది. తిట్లన్నీ మీకే పడతాయి, కాస్త ఓర్చుకోండి."

సౌండాయన తల వంచుకుని, అలాగేనండీ అన్నాడు.

ఆ మధ్యాహ్నం ప్రిన్సిపాల్‌గారు భార్యకి చెప్పింది అక్షరాలా నిజం, సభ మొదలుపెట్టే హడావిడిలో సౌండాయన ఆ బటన్ నొక్కనే లేదు.