వాసన ఆగిపోయింది

తన తర్వాత చేరిన తోడల్లుడికి సేఫ్టీ ఆఫీసర్ కుర్చీ దక్కినప్పటి నుంచి ఆపరేటర్‌కి కడుపు మండిపోతోంది. అత్తగారి నోట కూడా ఎప్పుడూ చిన్నల్లుడి జపమే. రేపు ఫ్యాక్టరీకి తనిఖీ అధికారులొస్తున్నారు. అందుకే ఆ రాత్రి నిచ్చెనెక్కి, ట్యాంకు మీద గ్యాసు లీకైతే సైరన్ మోగించే పరికరానికి ప్లాస్టిక్ సంచి తొడిగి, తాడు బిగించి కట్టాడు. వాళ్ల కంట పడితే చాలు, చిన్నల్లుడి పరువు బజారున పడుతుంది.

దిగేసరికి కుళ్లిన గుడ్ల వాసన గుప్పుమంది. ఎక్కడో సన్నగా బుస.

"రానీ. రేపు వాళ్ల ముక్కులకీ తగలనీ," అని నవ్వుకున్నాడు.

ఉన్నట్టుండి వాసన ఆగిపోయింది.

"ఛీ, దీనికీ వాడంటేనే ఇష్టం!"

బుస మాత్రం ఆగలేదు.

అంతలో తోడల్లుడి ఫోన్. "అన్నయ్యా, గేటు దగ్గర ఏదో వాసనని వాచ్‌మన్ ఫోన్ చేశాడు. అక్కడేమైనా వస్తోందా?"

"ఇందాక వచ్చింది. ఇప్పుడు లేదులే."



"అన్నయ్యా, గ్యాసు ఎక్కువైతే ముక్కు మొద్దుబారిపోతుంది. వాసన అందుకే ఆగింది. పరుగెత్తు! అయినా సైరన్ మోగలేదేం? ఉండు, నేనొస్తున్నా..."

"రాకు," అందామనుకున్నాడు. నాలుక కూడా మొద్దుబారింది. పైన సంచి తెల్లగా కనిపిస్తోంది.

దాన్ని విప్పేద్దామని నిచ్చెన మీద కాలు పెట్టాననే అనుకున్నాడు; చెంపకి నేల చల్లగా తగిలింది.