బ్యాటుతో సహా పరుగు

నీలం టోపీలో మా ఆయన విశ్వతేజ ఎంత ముద్దొస్తున్నాడో అని మురిసిపోతున్నాను. పెళ్లై ఇంకా నెల కాలేదు మరి. అంతలో బంతిని బాది, బ్యాటుతో సహా పరుగెత్తాడు. క్రికెట్ అలవాటు! బేస్‌బాల్‌లో బ్యాటు కింద పడేయాలి. బ్రెమెన్ మైదానమంతా నవ్వింది.

“మీ ఆయనా?” పక్కనున్న క్యూబా ఆవిడ జర్మన్‌లో అడిగింది.

“కాదు. ఎవరో,” అన్నాను, తల దించుకుని.

“మా ఆయనది సెనెగల్. మొదటి మ్యాచ్‌లో బంతిని కాలితో తన్నాడు,” స్పీకర్లలో జాజ్ హోరుకు గొంతు పెంచి చెప్పింది. “అందరూ నవ్వారు. నేను లేచి చప్పట్లు కొట్టాను.”

నేను లేచేలోపే విశ్వతేజ అవుటై, నవ్వుతూ వచ్చేశాడు.

“వైశూ, చూశావా? బ్యాటు పడేయాలట!”

ఆవిడ నా ముఖం చూడలేదు. నా పక్కన ఆయనకి చోటిచ్చి జరిగింది.