అద్దె మంచం

"దుప్పటి గొంతు దాకా కప్పుకో. మంత్రిగారు అడిగితే 'వైద్యం బాగుంది' అను, చాలు," అన్నాడు ఆస్పత్రి సూపరింటెండెంటు.

వార్డులు ఊడ్చే ఆయమ్మ రోగిలా కొత్త మంచం మీద పడుకుని అడిగింది. "వరండాలో నేల మీదున్న ముసలమ్మనే పడుకోబెట్టొచ్చుగా సార్?"

"ఆవిడ మూలుగుతుంది. టీవీలో బాగుండదు. అయినా ఇవి అద్దె మంచాలు, సాయంత్రం వెళ్ళిపోతాయి."

కెమెరాలు వచ్చాయి. మంత్రి వంగి నవ్వాడు. "ఎలా ఉందమ్మా ఒంట్లో?"

"నాకేం బాబూ, గుండ్రాయిలా ఉన్నాను!"

ఆయమ్మ దుప్పటి తన్ని లేచింది. వరండాలోకి వెళ్ళి, ముసలమ్మను చేతుల మీద ఎత్తుకొచ్చి అదే మంచం మీద పడుకోబెట్టింది.

ముసలమ్మ మూలిగింది. కెమెరామన్ కెమెరా దించబోయాడు.

"ఆపకు నాయనా," అంది ఆయమ్మ, "సాయంత్రం దాకా ఉండు. ఈమెను దించి మంచం పట్టుకెళ్ళేవాడి మొహం కూడా చూపిద్దువుగాని."