చప్పుడు లేని గది

వరిచేను గట్టులో కాపురముంటున్న తల్లెలుక తన ముగ్గురు పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పాలనుకుంది. వాకిట్లో కూర్చోబెడితే పిల్లల చూపంతా మిడతల మీదే. గింజల గదిలో కూర్చోబెడితే పాఠం కన్నా నమలడమే ఎక్కువ. చివరికి ఎవరూ వాడని లోపలి గది ఆమెకు నచ్చింది. చల్లగా ఉంది, చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దంగా ఉంది.

"వద్దు వదినా," అంది వాకిట్లోని కీచురాయి. "అక్కడ నేనే పాడను. పాడితే గోడ ఊపిరి బిగబట్టి వింటుంది."

"నా పిల్లలూ అలాగే వింటే అంతకన్నా కావలసిందేముంది?" అంది తల్లెలుక.

ఆమెకు చదువంటే వల్లెవేయడమే. పాము వస్తే ఎక్కడ దాక్కోవాలన్నదే మొదటి పాఠం.

"ఎడమ దారి, మూడో మలుపు, గడ్డివేళ్ల వెనక!" అని పిల్లలు రోజూ గొంతెత్తి అరిచేవారు.

నాలుగో రోజు నుంచి ఆ గొంతుల అడుగున మరో సన్నని గొంతు కలిసింది. గది మారుమోగుతోందని తల్లి మురిసిపోయింది.

పదో రోజు పొద్దున పరీక్ష పెట్టింది. "పాము వస్తే ఎక్కడ దాక్కుంటారు?"

పిల్లలు నోరు తెరవకముందే గోడ అవతలి నుంచి జవాబు వచ్చింది. ఒక్క అక్షరం పొల్లు పోలేదు. ఆ వెంటనే గోడ మట్టి మెల్లగా రాలింది.

పిల్లలకు పాఠం బాగా వచ్చింది. తల్లి ఆపేలోపే ముగ్గురూ ఎడమ దారి పట్టారు.

గోడ అవతల జరజరమన్న చప్పుడు కూడా ఎడమకే తిరిగింది.