పొద్దుటి సీసా

“ఉన్నది పారబోసి, నీది పట్టి తీసుకురా. దీనికి కూడా తర్ఫీదు కావాలా?” అన్నాడు డ్రిల్లు మాస్టారు.

ఆస్పత్రి వరండాలో మరుగుదొడ్డి ముందు ఆయన బావమరిది చిన్న ప్లాస్టిక్ సీసా పట్టుకుని నిలబడ్డాడు. అందులో ఉన్నది మాస్టారి మూత్రం. పొద్దున లేవగానే పట్టినదే కావాలని డాక్టరమ్మ చెప్పింది కనక, మాస్టారి భార్య తలుపు దగ్గర కాపలా కాసి పట్టించి, పేరు అంటించి మరీ పంపింది. తోడుగా తమ్ముణ్ణి పంపింది.

“తప్పేమో బావా. అక్కకు తెలిస్తే...”

“మీ అక్కకీ నీకున్న తెలివే ఉంది. నడు.”

మాస్టారి లెక్కలో లోకంలో రెండే జాతులు. ఈల వేస్తే పరిగెత్తేవాళ్లు, కడుపునొప్పని చీటీ తెచ్చేవాళ్లు. చీటీలు తెచ్చిన పిల్లల్ని ఇరవై ఏళ్లుగా ఎండలో నిలబెట్టి నవ్విన మనిషి ఆయన. బావమరిది పుట్టుకతోనే రెండో జాతి. లైబ్రరీలో చిరిగిన పుస్తకాలకు అట్టలేసుకుంటాడు, గట్టిగా తుమ్మాలన్నా అటూ ఇటూ చూసుకుంటాడు.

అంతటి మాస్టారికి నెల కిందట గొంతునొప్పి వచ్చి తగ్గింది. తగ్గిన వారానికి కాళ్లనిండా ఊదారంగు మచ్చలు లేచాయి, మోకాళ్లు వాచాయి, కడుపు మెలిపెట్టింది. డాక్టరమ్మ గాజుగ్లాసుతో మచ్చను అదిమి చూసింది. రంగు చెదరలేదు. అలర్జిక్ పర్‌ప్యూరా అంది. మాస్టారు ఆ పేరు వినడానికి కూడా ఇష్టపడలేదు.

ఇప్పుడు ఒక్క మచ్చ లేదు. అయినా ఆవిడ వదలడం లేదు. కిందటి పరీక్షలో ఏదో కాస్త జాడ ఉందని ఫిట్‌నెస్ కాగితం మీద సంతకం పెట్టలేదు. సోమవారం జట్టు పోటీలకు బయల్దేరుతోంది. కాగితం లేకపోతే పిల్లల్ని తీసుకెళ్లేది అసిస్టెంటు. నిన్నమొన్నటి దాకా మాస్టారి వెనక బంతులు ఏరుకున్న శాల్తీ.

బావమరిది లోపలికెళ్లి గడియ పెట్టుకున్నాడు. మాస్టారు తలుపుకి భుజం ఆనించి నిలబడ్డాడు. నిమిషం గడిచింది.

“ఏమైంది?”

“వస్తా బావా.”

“రావడం కాదు, కానియ్. ఒకటి... రెండు... మూడు...” అలవాటైన గొంతుతో, వరండా అంతా వినపడేలా లెక్క మొదలుపెట్టాడు మాస్టారు. వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. ఇరవై దాటాక తలుపు మీద దరువు కూడా వేశాడు.

యాభై దగ్గర బావమరిది చెమటలు తుడుచుకుంటూ బయటికొచ్చి సీసా చాపాడు.

“నాకెందుకు? నీది నేను ముట్టుకోవాలా?” మాస్టారు మొహం చిట్లించి, ల్యాబు కిటికీ వైపు గడ్డంతో చూపించాడు. “అక్కడ పెట్టిరా. అది కూడా చేతకాదనకు.”

గంట తర్వాత డాక్టరమ్మ పిలిచింది. రిపోర్టు రెండుసార్లు చదివింది. మాస్టారి బీపీ తనే స్వయంగా చూసింది.

“కూర్చోండి మాస్టారూ. బీపీ పెరిగింది. మూత్రంలో రక్తం పోతోంది. ప్రోటీన్ కిందటిసారి కంటే చాలా ఎక్కువ పోతోంది.”

“కాళ్లు చూశారా? మచ్చేదీ?”

“మచ్చలు పోతాయని నేనే చెప్పాను కదండీ. గొంతులో వచ్చిన జబ్బు మీద పోరాడాల్సిన శక్తి దారితప్పి మీ సన్నటి రక్తనాళాల మీదే పడింది. చర్మం మీద తగ్గింది. కిడ్నీల్లో తగ్గలేదు. పెద్దవాళ్లకు అక్కడే ముప్పు. అందుకే ఆరు నెలలు పరీక్ష మానొద్దన్నాను. ఇవాళే చేరండి. రేపు కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూడాలి. ఆలస్యమైతే కిడ్నీలు పోతాయి.”

మాస్టారు నవ్వాడు. మామూలు నవ్వు కాదు, పరుగులో పడిపోయిన పిల్లవాణ్ణి చూసి నవ్వే నవ్వు.

“ఎంతకాలం చదివారమ్మా ఈ చదువు? ఆ సీసాలో ఉన్నది నాదే కాదు. వీడిది.” బావమరిది భుజం మీద ఒక్కటి చరిచాడు. “మీ మిషన్లు ఎవరిదో కూడా కనిపెట్టలేకపోయాయి. జబ్బు మాత్రం కనిపెట్టాయట. బీపీ అంటారా, ఇక్కడ గంటసేపు కూర్చోబెడితే ఎవరికైనా పెరుగుతుంది. ఇక ఆ కాగితం మీద సంతకం పెట్టండి.”

డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. బావమరిది వైపు కుర్చీ జరిపి, చేర్పించుకునే ఫారం ముందుకు లాగింది.

“అయితే చేరాల్సింది మీరు. పేరు చెప్పండి.”

అతను చేతిలోని సంచి పిడిని మెలిపెడుతూ నేలకేసి చూశాడు.

“పేరు చెప్పడం కూడా రాదా? నాకు ఎప్పటినుంచో అనుమానమే, వీడి ఒంట్లో ఏదో లోపం ఉందని,” అన్నాడు మాస్టారు. “ఏడవకు. మీ అక్కకు నేను చెప్తాలే.”

బావమరిది తలెత్తాడు. నిజంగానే కళ్లలో నీళ్లున్నాయి.

“మీరు బయట నిలబడి లెక్కపెడుతుంటే నాకు రాలేదు బావా. ఆ సీసాలో ఉన్నది పొద్దుటిదే.”