ఇంకో కితాబు

"గట్టిగ చదువు బిడ్డా!" మణెమ్మ కూతురి వీపు తట్టింది.

దొర గడి వసారాలో నిలబడి సాయవ్వ ఉర్దూ కితాబు గడగడా చదివేసింది. పిల్లను బీదర్‌లో పరీక్షకు కూర్చోబెట్టాలంటే దొరసాని సెలవు కావాలి. "ఒక్కసారి చదివించి చూపియ్యి, కాదనదు" అని పంపింది బడి నడిపే అలీముద్దీన్ సాబే.

దొరసాని మెచ్చుకోలుగా తలూపింది. "బీదర్ ఎందుకే? పట్నమే తోలిస్త. పోరీ, లోపలికెల్లి ఇంకో కితాబు తేపో."

సాయవ్వ లోపలికి ఉరికింది. మణెమ్మ దొరసాని కాళ్ల మీద పడింది.

"లేవే. నా బిడ్డను పట్నంల బడికేస్తున్నం. రాసుడంటే దానికి బద్ధకం. నీ పిల్ల రాసిపెడ్తది, బట్టలుతుకుతది. రేపు పెండ్లయితే ఆడబాపగా అత్తగారింటికి గూడ ఎంబడే పోతది. నా పెండ్లికి నువ్వు నా ఎంబడి రాలే?"

ఆ పెళ్లి సామానుతో పాటు దాసిగా బండెక్కి వచ్చిన్నాటి నుంచి మణెమ్మ తన కన్నతల్లి మొఖం చూడలేదు.

"ఇదొక్కటి చదవనియ్యి. తప్పులొస్తే ఇంకో పిల్లను చూసుకుంట" అంది దొరసాని.

సాయవ్వ కితాబు తెచ్చి తెరిచింది. మణెమ్మ వంగి కూతురి చెవిలో అంది, "తప్పు చదువు బిడ్డా. నీ కాళ్లు మొక్కుత."

సాయవ్వ పకపకా నవ్వింది.

"తప్పు చదువుడు సాబ్ నేర్పలేదే అమ్మా!" అని, ఈసారి ఇంకా గట్టిగా అందుకుంది.