గులాబీయా, నిమ్మా

రాయడం నాకు పెద్ద వయసులో వచ్చింది. ఒత్తులు తప్పితే సర్దుకోండి, ఆలస్యానికి విసుక్కోకండి.

ఇల్లు కొనేవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. ఇంట్లో కంపు.

కంపు పక్క వాటాలోంచి. అందులో ఒంటరిగా ఉండే ముసలామె ఈ మధ్య గడప దాటడం లేదు. స్నానం కూడా మానేసి ఉంటుందని ఇల్లాలు తేల్చేసింది.

భర్తకు వేరే ఊళ్ళో ఉద్యోగం ఖాయమైంది. ఇది అమ్ముడుపోతే గానీ అక్కడ గూడు దొరకదు. ఇంతవరకూ వచ్చినవాళ్ళంతా ఏదో వంక పెట్టి జారుకున్నారు.

భర్త గదుల్లో కొట్టే సెంటు సీసాలు రెండు తెచ్చాడు, గులాబీ ఒకటి, నిమ్మ ఒకటి.

ఆమె ముందుగదిలో గులాబీ కొట్టింది.

"చావింటిలా ఉందే," అన్నాడతను.

నిమ్మ కొట్టింది. అప్పుడే కడిగిన ఇంట్లోకి అడుగుపెట్టినట్టుంది.

"మనకిదే బావుందండీ. గులాబీ ముసలిదానికి కొడదాం."

పక్క వాటా తలుపు కింది సందులోంచి సీసా అంతా లోపలికి కొట్టింది. ఆ సందులో తడి తువ్వాలు కుక్కింది.

"తలుపు తట్టి చూడకపోయావా?"

"తడితే మాటల్లోకి దింపుతుంది. నాకిప్పుడు తీరికేది?"

ఆమధ్య మెట్ల మీద ముసలామె అలాగే ఆపింది. ఇల్లు అమ్ముతున్నారటగా అమ్మాయ్, అని మొదలుపెట్టింది. మీరు కొంటారా మామ్మగారూ, అని ఇల్లాలు నవ్వింది. ముసలామె ఇంకేదో చెప్పబోతుంటే తలుపేసుకుంది.

తరవాత ఒక సాయంత్రం అవతల నుంచి గోడ మీద దబదబా చప్పుడైంది. టీవీ మోతకి పోట్లాటకి దిగిందనుకుని, భర్త ఇంకాస్త మోత పెంచాడు.

కొనేవాళ్ళు, భార్యాభర్తలు, వచ్చారు. వచ్చినామె గుమ్మంలోనే ఆగి గాలి పీల్చింది.

"నిమ్మ వాసన. హాయిగా ఉంది," అంది.

కుళాయిలు తిప్పి చూడలేదు, గోడలు తట్టలేదు, బేరమూ ఆడలేదు. ఇల్లు తమకే ఖాయం చెయ్యమంది.

ఇల్లాలికి నవ్వు ఆగలేదు.

"వంటగదైనా చూడరా?" అన్నాడు భర్త.

"అక్కర్లేదండీ. ఈ ఇల్లు అమ్మకానికుందని చెప్పిందే మా అమ్మ. ఇంకా రారేమని అలిగి ఫోన్ ఎత్తడం మానేసింది. మీ పక్క వాటాయే కదా, ముందు ఆవిడకి చెప్పొస్తాం," అంటూ వచ్చినామె సంచిలోంచి తాళంచెవి తీసింది.

— బుల్లెమ్మ, డెబ్బై ఒకటో ఏడు. ఇప్పుడు చిన్నకూతురి ఇంట్లో, మేడ మీది గదిలో ఉంటున్నాను.